ముందు మేనేజర్ సంగతి తేల్చండి, ఆటగాళ్ల సంగతి తర్వాత

2024 అక్టోబర్ 27. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై స్థాయి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో, లండన్‌లో, వెస్ట్ హామ్‌తో నేను అభిమానించే మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్. ఫస్ట్ హాఫ్‌లో మా దలో గోల్‌కీపర్‌ని కూడా దాటేశాడు. ఎదురుగా ఖాళీ గోల్. బంతిని పైకి కొట్టేశాడు. గోల్ అనుకుని లేచి నిలబడ్డవాణ్ణి, కూర్చోవడం మర్చిపోయి అలాగే ఉండిపోయాను. సెకండ్ హాఫ్‌లో వెస్ట్ హామ్ ఒక గోల్ కొట్టింది, కాసేమిరో సమం చేశాడు. ఒక్క పాయింట్ అయినా దక్కిందిలే అనుకుంటుండగా వీఏఆర్ (వీడియో చూసి చెప్పే సహాయ రిఫరీ) నుంచి రిఫరీకి పిలుపు వచ్చింది. బాక్స్‌లో మా డిఫెండర్ డి లిఖ్ట్ కాలు వెస్ట్ హామ్ ఆటగాడు డానీ ఇంగ్స్‌కి తగిలిందట. రిఫరీ మానిటర్ దగ్గరికి వెళ్లి చూసొచ్చి పెనాల్టీ ఇచ్చాడు. బోవెన్ కొట్టాడు, 2-1. మర్నాడే మా మేనేజర్, అంటే జట్టుని ఎంచి ఆడించే ప్రధాన కోచ్, ఎరిక్ టెన్ హాగ్‌ని తీసేశారు. తొమ్మిది మ్యాచ్‌లు అయ్యేసరికి ఇరవై జట్లలో మాది 14వ స్థానం.

ఓటమి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది డి లిఖ్ట్ మొహం. నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్‌లో టెన్ హాగ్ కింద పద్దెనిమిదేళ్లకే కెప్టెన్ అయినవాడు. ఆ జట్టే 2019లో యూరప్ క్లబ్‌ల అతిపెద్ద పోటీ చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆ పరిచయంతోనే ఆగస్టులో బాయెర్న్ నుంచి యునైటెడ్‌కి వచ్చాడు. అతనితో పాటు వచ్చిన మజ్రావీ కూడా పాత అయాక్స్ ఆటగాడే. ఎవరిని నమ్ముకుని వచ్చారో ఆ మనిషి రెండున్నర నెలలకే వెళ్లిపోయాడు. ఇద్దరూ ఐదేళ్లు, నాలుగేళ్ల ఒప్పందాలతో అక్కడే మిగిలారు.

దెబ్బతిన్న క్లబ్ ముందు మేనేజర్‌ని మార్చాలా, ఆటగాళ్లని మార్చాలా అన్న వాదన ఎక్కడ మొదలైనా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. ఒకప్పుడు నేనూ రెండో పక్షమే. "ఈ ఆటగాళ్లతో ఎవరొచ్చినా ఇంతే, ముందు మంచి జట్టుని ఇవ్వండి, అప్పుడు మేనేజర్ సంగతి చూద్దాం" అని స్నేహితులతో గంటల తరబడి వాదించేవాణ్ణి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పనిముట్లు ఇవ్వకుండా పనివాణ్ణి తిడితే ఎలా అన్నట్టు. కానీ యునైటెడ్ సరిగ్గా అదే చేసింది, నేను కోరుకున్నదే చేసింది, చేసి మునిగింది. అప్పటి నుంచి నా అభిప్రాయం మారింది. మేనేజర్ మీద నమ్మకం పోతే ఆటగాళ్లని కొనే ముందే మార్చాలి. నమ్మకం ఉంటే ఆ మాట బయటికి చెప్పి, ఆయన వెనక గట్టిగా నిలబడాలి. నమ్మకం సగమే ఉన్న మేనేజర్ చేతిలో డబ్బు మాత్రం పెట్టకూడదు.

ఆ వేసవిలో ఏం జరిగిందో చూడండి. లీగ్‌లో యునైటెడ్ 8వ స్థానంలో ఆగింది. మే నెలలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించింది. కొత్తగా పగ్గాలు పట్టిన యాజమాన్యం వేరే కోచ్‌లతో మాట్లాడింది. ఆ విషయం టెన్ హాగ్ స్వయంగా బయటికి చెప్పారు. చివరికి ఆయన్నే ఉంచుతామన్నారు, జులైలో ఒప్పందం 2026 దాకా పొడిగించారు. ఆ తర్వాత యోరో, జిర్క్‌జీ, డి లిఖ్ట్, మజ్రావీ, ఉగార్తేల కోసం దాదాపు 20 కోట్ల పౌండ్లు ఖర్చుపెట్టారు. అంటే వారాల పాటు "ఈయన వద్దేమో" అనుకున్న మనిషి కోసమే అంత డబ్బు పోశారు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నవాళ్లు ఇవన్నీ చదవరా? వాళ్లకి తెలియకుండా ఉంటుందా? మేనేజర్ కుర్చీ కదులుతోందని తెలిసిన రోజు నుంచి, బెంచీ మీద కూర్చోబెట్టినవాడు ఆయన మాట వినడు. రెండు నెలలు ఓపిక పడితే ఇంకొకరు వస్తారని అతనికి తెలుసు.

తర్వాత వచ్చిన రూబెన్ అమోరిమ్‌ది పూర్తిగా వేరే ఆట. వెనక మధ్యలో ముగ్గురు డిఫెండర్లు (సెంటర్‌బ్యాక్‌లు), రెండు పక్కలా పైకీ కిందకీ తొంభై నిమిషాలు పరుగెత్తే వింగ్‌బ్యాక్‌లు, ముందు స్ట్రైకర్, అతని వెనక ఇద్దరు. ఉన్న జట్టు ఏమో వెనక నలుగురు, ముందు రెండు పక్కలా దాడి చేసే వింగర్లు ఉండే ఆటకి కట్టింది. గర్నాచో, రాష్‌ఫర్డ్, ఆంటొనీ లాంటి అసలు సిసలు వింగర్లకి కొత్త ఆటలో చోటే లేదు. సొంత వింగ్‌బ్యాక్ కోసం అమోరిమ్ ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు ఇటలీ క్లబ్ లెచ్చె నుంచి దోర్గు వచ్చాడు. సీజన్ అయ్యాక వస్తానని తాను అడిగితే, ఇప్పుడైతేనే రా అని క్లబ్ అన్నదని అమోరిమే చెప్పారు. ఫలితం తెలిసిందే. 42 పాయింట్లు, 15వ స్థానం, బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్లో టోటెన్‌హామ్ చేతిలో ఓటమి. ఆ తర్వాతి వేసవిలో మళ్లీ 20 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి ఇంకో జట్టు కట్టారు. 2026 జనవరిలో అమోరిమ్‌ని కూడా పంపేశారు.

రెండు వేసవులు, రెండు జట్లు. రెండూ మేనేజర్ సంగతి తేలకముందే కట్టినవి. ఈ క్లబ్‌ని ప్రేమించేవాడిగా ఈ వాక్యం రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో చెప్పలేను.

"ఆటగాళ్లు ఎక్కడికీ పోరు కదా, కొత్త మేనేజర్ వాళ్లనే వాడుకుంటాడు" అనేవాళ్లు డబ్బు లెక్క ఒక్కసారి చూడాలి. 5 కోట్ల పౌండ్లకి ఒకణ్ణి కొని ఐదేళ్ల ఒప్పందం రాశారనుకుందాం. క్లబ్ పుస్తకాల్లో ఆ ఖర్చు ఒకేసారి పడదు, ఏడాదికి కోటి చొప్పున పడుతుంది. ఏడాది తిరిగేసరికి కొత్త మేనేజర్ ఇతను నాకు వద్దన్నాడు. పుస్తకంలో ఇంకా 4 కోట్లు ఉంది. బజార్లో రెండున్నర కోట్లకి మించి ఎవరూ ఇవ్వరు. అమ్మితే ఆ ఒకటిన్నర కోట్లూ అదే ఏడాది నష్టంగా కనిపిస్తుంది. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకి మించి నష్టం చూపకూడదని ప్రీమియర్ లీగ్ పెట్టిన నిబంధన ఈ కాలమంతా నెత్తిమీదే ఉంది. అమ్మకపోతే జీతం ఇస్తూనే ఉండాలి. పెద్ద క్లబ్ ఇచ్చే జీతం బయట ఎవరూ ఇవ్వరు కాబట్టి ఆటగాడూ కదలడు. ఒక మేనేజర్ని మార్చాలంటే ఆయనకీ ఆయన సహాయకులకీ కోటో రెండు కోట్లో పౌండ్లు ఇచ్చి పంపొచ్చు. తప్పుగా కట్టిన జట్టుని అలా ఒక్క చెక్కుతో పంపలేం. అది వదలడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ కాలు కడుక్కునే ఖర్చు అడుసు ఖర్చు కంటే ఎక్కువ.

ఆంటొనీ సంగతే తీసుకోండి. 2022లో టెన్ హాగ్ పట్టుబట్టి అయాక్స్ నుంచి 8 కోట్ల పౌండ్లకి పైగా పెట్టి తెప్పించిన ఆటగాడు. 2025 జనవరిలో స్పెయిన్ క్లబ్ బెటిస్‌కి అప్పుగా వెళ్లాడు, వెళ్లీ వెళ్లగానే బాగా ఆడాడు. అంటే ఆట రానివాడు కాదు. ఒక మనిషి ఆలోచనకి సరిపోయేలా కొన్నారు, ఆ మనిషి వెళ్లిపోయాక మిగిలిపోయాడు.

చెల్సీ కథ ఇంతకన్నా దారుణం. 2022 వేసవిలో కొత్త యజమానులు 25 కోట్ల పౌండ్లకి పైగా ఖర్చుపెట్టారు. విండో (ఆటగాళ్లని కొనడానికి ఇచ్చే గడువు) మూసే రోజు, సెప్టెంబర్ 1న, బార్సిలోనా నుంచి ఒబామెయాంగ్‌ని తెచ్చారు. అప్పటికే 33 ఏళ్లవాడు. తేవడానికి ముఖ్య కారణం అప్పటి చెల్సీ మేనేజర్ థామస్ టుకెల్. డార్ట్‌మండ్‌లో ఆయన కింద ఆడినప్పుడు ఒబామెయాంగ్ 2016-17లో ఒక్క లీగ్‌లోనే 31 గోల్స్ కొట్టాడు. సెప్టెంబర్ 6న జాగ్రెబ్‌లో చెల్సీ తరఫున మొదటిసారి మైదానంలోకి దిగాడు. ఇంట్లో దొంగలు పడి కొట్టడంతో దవడ విరిగింది, అందుకని మొహానికి నల్ల మాస్క్ పెట్టుకుని ఆడాడు. చెల్సీ 1-0తో ఓడిపోయింది. తెల్లారేసరికి టుకెల్ ఉద్యోగం పోయింది. విండో మూసిన ఆరో రోజు అది! కొత్త మేనేజర్ పాటర్‌కి జనవరిలో మరో గుట్ట డబ్బు ఇచ్చారు, ఒక్క ఎన్‌జో ఫెర్నాండెజ్‌కే 10 కోట్ల 68 లక్షల పౌండ్లు. చాంపియన్స్ లీగ్ జాబితాలో కొత్తవాళ్లకి చోటు కావాలి కాబట్టి ఫిబ్రవరిలో ఒబామెయాంగ్ పేరు తీసేశారు. ఏప్రిల్‌లో పాటర్‌నీ తీసేశారు. సీజన్ చివరికి 12వ స్థానం. ఆ సీజన్ లీగ్‌లో ఒబామెయాంగ్ గోల్స్ ఒకటి.

టుకెల్‌ని తీసేయడం తప్పో ఒప్పో నేను చెప్పడం లేదు. యజమానులకి ఆయనతో పొసగలేదంటే అది వాళ్ల ఇష్టం. కానీ ఆ సంగతి జూన్‌లో తెలియలేదా? ఆగస్టులో తెలియలేదా? తెలిసీ ఆయన అడిగిన మనిషిని కొన్నారంటే అది క్షమించరాని పని.

డబ్బు కాకుండా ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే అసలైనది. పాత మేనేజర్ ఉండగా ఎవరు పనికొస్తారో ఎవరు పనికిరారో తెలియదు. జట్టు ఓడిపోతుంటే అందరూ చెడ్డ ఆటగాళ్లలాగే కనిపిస్తారు. 2015లో లివర్‌పూల్ కూడా ఇదే తప్పు చేసింది. సీజన్ చివరి మ్యాచ్‌లో స్టోక్ చేతిలో 6-1తో ఓడినా మేనేజర్ బ్రెండన్ రోజర్స్‌ని ఉంచారు, వేసవిలో డబ్బిచ్చారు, అక్టోబర్ మొదట్లో తీసేశారు. ఆ వేసవి కొనుగోళ్లలో ఇద్దరు ముఖ్యం. 3.25 కోట్ల పౌండ్ల బెంటెకే, 2.9 కోట్ల పౌండ్ల ఫిర్మినో. రోజర్స్ కింద ఫిర్మినో పక్కల ఆడుతూ ఎవరికీ అర్థంకాని ఆటగాడిలా ఉండేవాడు. కొత్త మేనేజర్ క్లాప్ వచ్చాక నవంబర్‌లో సిటీ మైదానంలో అతన్ని మధ్యలో, ముందు వరసలో పెట్టారు. ఆ రోజు ఫిర్మినో గోల్ కొట్టడం కంటే బంతి పోయినప్పుడు ఏం చేశాడో చూడాలి. సిటీ డిఫెండర్లు తల ఎత్తి పాస్ ఎవరికివ్వాలా అని వెతికేలోపు మీద పడుతున్నాడు. లివర్‌పూల్ 4-1తో గెలిచింది. ఆ మ్యాచ్‌కి వారం ముందు ఎవరినైనా అడిగితే అమ్మేయాల్సిన జాబితాలో ఫిర్మినో పేరు చెప్పి ఉండేవాళ్లు. బెంటెకే మాత్రం ఆ ఆటలో ఇమడలేదు, ఏడాదికే క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మేశారు.

ఆ సీజన్ జనవరిలో క్లాప్ పెద్దగా ఏం కొనలేదు. గాయాల వల్ల తప్పక కాల్కర్‌ని అప్పుగా తెచ్చుకున్నారు. ఉన్నవాళ్లతోనే రెండు ఫైనల్స్ ఆడారు, రెండూ ఓడారు, లీగ్‌లో 8వ స్థానం. కానీ మే వచ్చేసరికి ఎవరు కావాలో ఎవరు వద్దో ఆయన దగ్గర లెక్క ఉంది. ఆ తర్వాతే మానే వచ్చాడు, సలా వచ్చాడు, 2018 జనవరిలో 7.5 కోట్ల పౌండ్ల వాన్ డైక్ వచ్చాడు. 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్. మేనేజర్ ముందు, ఆ తర్వాత చూడటం, ఆ తర్వాత కొనడం. ఈ వరస తప్పితే మిగతాదంతా అదృష్టమే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆస్టన్ విల్లా 2022 అక్టోబర్‌లో జెరార్డ్‌ని తీసేసి ఉనాయ్ ఎమెరీని తెచ్చింది. దిగువన కొట్టుమిట్టాడుతున్న దాదాపు అదే జట్టు 7వ స్థానంలో నిలిచింది, మరుసటి ఏడాది 4వ స్థానం. ఎమెరీ రాకముందే "ఈ జట్టు పనికిరాదు" అని సగం మందిని అమ్మేసి ఉంటే ఏమయ్యేది?

ఇక ఎదుటి పక్షం మాటలు. వాటిని తేలిగ్గా తీసేయలేను, ఎందుకంటే అవి ఒకప్పుడు నా మాటలే.

మొదటిది లెక్కల మాట. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మేనేజర్ మార్పులని బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త పరిశీలించారు. మేనేజర్‌ని మార్చిన క్లబ్‌లు కోలుకున్న మాట నిజమే, కానీ అంతే దెబ్బతిని కూడా మేనేజర్‌ని మార్చని క్లబ్‌లు కూడా దాదాపు అలాగే కోలుకున్నాయి. వరుసగా ఓడినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తారు, ఆ గెలుపు కొత్త మేనేజర్ ఖాతాలో పడుతుంది. ఈ మాట నేను ఒప్పుకుంటాను. అందుకే సీజన్ మధ్యలో నాలుగు మ్యాచ్‌లు ఓడగానే మేనేజర్ తల తీసేయమనే గుంపులో నేను లేను. కానీ ఆ పరిశీలన అడిగిన ప్రశ్న వేరు. వచ్చే పది మ్యాచ్‌ల్లో పాయింట్లు పెరుగుతాయా అన్నది వాళ్ల ప్రశ్న. వచ్చే నాలుగేళ్ల జట్టుని ఎవరి ఆలోచనకి తగ్గట్టు కట్టాలి అన్నది నా ప్రశ్న.

రెండోది బ్రైటన్ మాట. అసలు మేనేజర్‌కీ జట్టు కట్టడానికీ సంబంధం ఎందుకు, ఆటగాళ్లని క్లబ్బే ఎంచుకోవాలి, కోచ్ వచ్చి ఆడించి వెళ్లాలి అంటారు. బ్రైటన్‌లో అలాగే జరిగింది. 2022 సెప్టెంబర్‌లో పాటర్ చెల్సీకి వెళ్లిపోయారు, డి జెర్బీ వచ్చారు, అదే జట్టు 6వ స్థానంలో నిలిచి మొదటిసారి యూరప్ పోటీలకి వెళ్లింది. చూడముచ్చటైన పద్ధతి. మనసారా మెచ్చుకుంటాను. కానీ అక్కడ క్లబ్‌కి ఒక ఆట ఉంది. కొత్త కోచ్‌ని వెతికేటప్పుడు ఆ ఆటకి సరిపోయేవాణ్ణే వెతుకుతారు. దెబ్బతిన్న క్లబ్‌లకి లేనిదే అది. వెనక నలుగురితో ఆడేవాణ్ణి తీసేసి ముగ్గురితో ఆడేవాణ్ణి తెచ్చే క్లబ్ "మేం బ్రైటన్ పద్ధతి" అనకూడదు.

మూడోది ఫెర్గూసన్ మాట. యునైటెడ్ అభిమానుల్లో ఎవరితో వాదించినా చివరికి ఇక్కడికే వస్తారు. 1990 జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్, ఓడితే అప్పటి యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ ఉద్యోగం పోతుందని అందరూ అనుకుంటున్నారు, మార్క్ రాబిన్స్ గోల్ కొట్టాడు, ఫెర్గూసన్ బతికారు, తర్వాత 13 లీగ్ టైటిల్స్. కాబట్టి మేనేజర్‌ని మార్చొద్దు, ఓపిక పట్టండి! చిన్నప్పటి నుంచి వింటున్న కథ ఇది.

కానీ కథని మూడేళ్లు ముందు నుంచి చెప్పండి. 1986 నవంబర్‌లో జట్టు పట్టిక అడుగు భాగంలో ఉంది. క్లబ్ ముందు చేసిన పని మేనేజర్ రాన్ ఆట్కిన్సన్‌ని తీసేయడం. కొత్త మేనేజర్‌గా ఫెర్గూసన్ వచ్చాడు, జట్టుని చూశాడు. 1989 వేసవిలో అభిమానులకి ప్రాణమైన మెక్‌గ్రాత్‌నీ వైట్‌సైడ్‌నీ అమ్మేశాడు. పాలిస్టర్, ఇన్స్, వెబ్‌లాంటివాళ్లని కొన్నాడు. ఆ సెప్టెంబర్‌లోనే సిటీ చేతిలో 5-1తో ఓడిపోయాడు, సీజన్ చివరికి 13వ స్థానం. అయినా క్లబ్ కదల్లేదు. మెక్‌గ్రాత్ ఆస్టన్ విల్లాకి వెళ్లి 1993లో తోటి ఆటగాళ్ల ఓటుతో ఆ ఏటి మేటి ఆటగాడయ్యాడు. అంటే ఫెర్గూసన్ ప్రతి నిర్ణయమూ సరైనదని కాదు. కానీ ఆ నిర్ణయాలన్నీ ఒకే మనిషివి, ఆ మనిషిని క్లబ్ ముందే ఎంచుకుంది. ఓపికకి ఉదాహరణగా చెప్పే ఈ కథ నిజానికి నా వాదనే చెబుతోంది. ముందు మేనేజర్, తర్వాత జట్టు.

అందుకే ఎవరైనా నన్ను "మరి ఎప్పుడు మార్చాలి?" అని అడిగితే మే నెల అంటాను. చివరి మ్యాచ్ అయిన వారంలోపు. కప్ ఫైనల్ గెలిచారా ఓడారా అన్నది ఆ నిర్ణయాన్ని మార్చకూడదు. తొంభై నిమిషాల మ్యాచ్ పది నెలల ఆటని చెరిపేయదు. మే దాటిపోయి, ఆగస్టులో సందేహం మొదలైతే, ఆ వేసవికి డబ్బు బిగించి పట్టుకోవాలి. ఏ మేనేజర్ వచ్చినా పనికొచ్చే ఒకరిద్దరిని మాత్రమే కొనాలి. లీగ్ నుంచి కిందికి జారిపోయే ప్రమాదం ఉంటే సంగతి వేరు, అప్పుడు జనవరిలోనైనా ఎవరినైనా తెచ్చుకోవాల్సిందే. అక్కడ వాదనకి టైమ్ ఉండదు.

ఉంచుకోవాలని నిర్ణయిస్తే? అప్పుడు ఎలా ఉంచుకోవాలో ఆర్సెనల్‌ని చూసి నేర్చుకోవాలి. యునైటెడ్ అభిమానిగా ఈ మాట అనడం నాకు సులువు కాదు. మేనేజర్ ఆర్తెటా కింద వరుసగా రెండు సీజన్లు 8వ స్థానం. 2021 వేసవిలో ఆయన్ని మార్చాలని ఎంతమంది అరిచారో. క్లబ్ మాత్రం ఈయనే అనుకుంది, ఆయన ఆటకి సరిపోయే కుర్రాళ్లని కొంది. వైట్, రామ్స్‌డేల్, ఒడెగార్డ్, తొమియాసు, లొకొంగా, తవారెస్. అందరూ 23 లేదా అంతకన్నా తక్కువ వయసువాళ్లు. సీజన్ మొదలైంది. మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు, ఒక్క గోల్ కూడా లేదు, సిటీ చేతిలో 5-0. పట్టికలో అట్టడుగున. ఇరవై స్థానాల్లో ఇరవయ్యోది. ఇక్కడే చెల్సీ అయితే ఏం చేసేదో మనకి తెలుసు.

సెప్టెంబర్ 11న నార్విచ్ వచ్చింది. గోల్‌లో రామ్స్‌డేల్, కుడి వైపు తొమియాసు, ఇద్దరికీ ఆర్సెనల్ తరఫున అదే మొదటి లీగ్ మ్యాచ్. పక్కన వైట్, ముందు ఒడెగార్డ్. చాలాసేపు గోల్ పడలేదు. స్టేడియంలో టెన్షన్ టీవీలో కూడా తెలుస్తోంది. 66వ నిమిషంలో బంతి గోల్ గీత దగ్గర తచ్చాడుతుంటే లోపలికి నెట్టినవాడు కెప్టెన్ ఒబామెయాంగ్. 1-0. అదే ఒబామెయాంగ్ డిసెంబర్‌లో క్రమశిక్షణ తప్పితే ఆర్తెటా కెప్టెన్సీ తీసేశారు, జట్టులోంచే తప్పించారు. క్లబ్‌లో అందరికంటే పెద్ద పేరు, అందరికంటే పెద్ద జీతం అతనివి. యాజమాన్యం మేనేజర్ పక్షాన నిలబడింది, ఆ జీతం వదిలించుకోవడానికి ఒప్పందం రద్దు చేసి మరీ ఫిబ్రవరికల్లా పంపించింది. ఆ సీజన్ 5వ స్థానం. 2022 వేసవిలో కెప్టెన్ పట్టీ ఒడెగార్డ్ చేతికి కట్టారు. ఆ తర్వాత వరుసగా మూడు సీజన్లు ఆర్సెనల్ రెండో స్థానంలో నిలిచింది.